గుట్ట మీద నడక బాట వేయాలంటే ముందు ఏం చూడాలి?

హనుమకొండ పద్మాక్షి గుట్ట లాంటి చోట బాట వేయాలంటే ముందు చూడాల్సింది వాన నీటి దారి. మన గుట్టల్లో ఎక్కువగా గ్రానైట్ రాయే; నీరు పెద్దగా ఇంకదు, జారిపోతుంది. నిటారుగా కిందికి దింపిన మట్టి బాట రెండు వానలకే కాలువ అవుతుంది. అందుకే వాలుకు అడ్డంగా, మెలికలు తిప్పుతూ తీసుకెళ్లాలి. బాట వాలు గుట్ట వాలులో సగం దాటకూడదు. సగటున 10 శాతం లోపు, అంటే వంద మీటర్ల దూరానికి పది మీటర్ల ఎత్తు మించకుండా ఉంటే పెద్దవాళ్లకూ సులువు. బయటి అంచు కాస్త పల్లంగా ఉంటే నీరు ఎక్కడికక్కడ దిగిపోతుంది. వాన పడేటప్పుడు ఒకసారి గుట్ట చుట్టూ తిరిగితే ఏ మ్యాపూ చెప్పనిది తెలుస్తుంది. పొడవునా సిమెంటు మెట్లు మాత్రం వద్దు, దిగేటప్పుడు మోకాళ్లకు కష్టం. పద్మాక్షి గుట్టపై జైన శిల్పాలున్నాయి. వాటి దగ్గర డ్రిల్లింగ్, రంగులు అసలు కూడదు. భూమి అటవీ శాఖదా, దేవాదాయ శాఖదా, రెవెన్యూదా అన్నది సర్వేకు ముందే తేల్చుకోండి.