ఘాట్‌లో పికప్ పోయి, ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ లాగుతోంది... టర్బో మార్చాల్సిందేనా?

కారు డాక్టర్ సలహా

ప్రశ్న: మాది 2008 మోడల్ స్కోడా లారా, 1.9 టీడీఐ డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్. 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. విశాఖలో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. నెలకోసారి అరకు వెళ్తుంటాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో గట్టిగా తొక్కితే 2500 ఆర్పీఎం దాటగానే ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు పికప్ ఒక్కసారిగా పోతుంది. మీటర్‌లో కాయిల్ గుర్తు లైటు కొట్టుకుంటుంది. పొగ రాదు. ఇంజిన్ ఆపి స్టార్ట్ చేస్తే మామూలుగా లాగుతుంది, కాసేపటికి మళ్లీ అదే. ప్రతిసారీ ఆగలేక ఈమధ్య నడుస్తుండగానే తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తున్నాను. మెకానిక్ 'టర్బో పోయింది, కొత్తది వేయాలి' అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: టర్బో సంగతి తర్వాత. నడుస్తుండగా తాళం ఆఫ్ చేయడం ఈరోజుతో మానేయండి. బ్రేకు పెడల్‌ను తేలిక చేసేది వాక్యూమ్ (గాలి పీల్చేసిన ఖాళీ) బలం. ఇంజిన్ ఆగాక మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆపైన పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కంగారులో తాళం బయటికి వచ్చేస్తే స్టీరింగ్ లాక్ అవుతుంది. ఘాట్ మలుపులో అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పికప్ పోతే వెడల్పాటి చోట పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి పది సెకన్లాగి స్టార్ట్ చేయండి.

ఇక టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం. షాఫ్ట్ అరిగిన టర్బో గానీ, రెక్కలు విరిగిన టర్బో గానీ తాళం తిప్పితే బాగుపడదు. మీ కారు ప్రతిసారీ కోలుకుంటోందంటే టర్బో చచ్చిపోలేదు, దాన్ని కంప్యూటరే కావాలని ఆపుతోంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. టర్బో ఇంత ప్రెషర్ ఇవ్వాలని ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, ఒక లెక్క వేసుకుంటుంది, నిజంగా ఎంత వస్తోందో సెన్సర్‌తో చూసుకుంటుంది. రెండింటికీ తేడా ఎక్కువై, కొన్ని సెకన్లు అలాగే ఉండిపోతే ఇంజిన్‌ను కాపాడుకోవడానికి టర్బోను వదిలేసి డీజిల్ తగ్గిస్తుంది. ఇంజిన్ ఆపి స్టార్ట్ చేసేదాకా అదే స్థితి. కాయిల్ లైటు కొట్టుకోవడమంటే కంప్యూటర్ ఆ తప్పును కోడ్‌గా రాసి పెట్టుకుందని అర్థం. ఆ కోడ్ చదవకుండా టర్బో మార్చమనడం రక్తపరీక్ష చేయకుండా ఆపరేషన్‌కు తేదీ ఇవ్వడం లాంటిది.

కాబట్టి మొదటి పని, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లను పూర్తిగా చదివే స్కానర్ ఉన్న చోటికి వెళ్లడం. కోడ్ రాసుకునేదాకా చెరపనివ్వకండి. చాలా షెడ్లలో స్కానర్ పెట్టగానే క్లియర్ కొట్టేస్తారు, దాంతో సగం ఆధారం పోతుంది. మీ లక్షణాలకు వచ్చే అవకాశమున్న కోడ్‌లు ముఖ్యంగా రెండు. పీ0234 అంటే ప్రెషర్ అడిగినదానికంటే ఎక్కువ వచ్చింది. పీ0299 అంటే అడిగినంత రాలేదు. ఒకటి పొంగు, ఇంకొకటి లోటు. రెండింటి వైద్యం వేరు.

మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం మొదటిదాని మీద. కారణం చెబుతాను. మీ ఇంజిన్‌లో ఉన్నది వేన్లు కదిలే టర్బో. ఎగ్జాస్ట్ వైపు చక్రం చుట్టూ చిన్న చిన్న రేకులు వరుసగా ఉంటాయి, అవే వేన్లు. అవి మూసుకుంటే పొగ ఇరుకు సందుల్లోంచి వేగంగా కొట్టి తక్కువ ఆర్పీఎంలోనూ టర్బోను తిప్పుతుంది. ఆర్పీఎం పెరిగేకొద్దీ అవి తెరుచుకుని వేగాన్ని అదుపులో ఉంచాలి. వాటిని కదిపేది వాక్యూమ్‌తో పనిచేసే డబ్బా లాంటి యాక్చుయేటర్, దాని కడ్డీ. ఆ వాక్యూమ్‌ను ఎంత పంపాలో చూసేది ఎన్75 అనే చిన్న వాల్వ్. వాక్యూమ్ అందితే వేన్లు మూసుకుంటాయి, అందకపోతే తెరుచుకుని ఉండిపోతాయి.

నగరంలో 1500, 2000 ఆర్పీఎం మధ్యే ఏళ్ల తరబడి తిరిగితే వేన్లు మూసిన వైపే ఎక్కువసేపు ఉంటాయి, వాటి దారిలో మసి పేరుకుంటుంది. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు మూడు నాలుగు సెకన్లకు మించి గట్టిగా తొక్కం గనక ఆ బిగుతు బయటపడదు. ఘాట్‌లో పదిహేను, ఇరవై సెకన్లు ఆపకుండా తొక్కాల్సి వస్తుంది. పైగా సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 1010 మిల్లీబార్ల దాకా ఉంటే, సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అది 910 చుట్టుపక్కల ఉంటుంది. అదే ప్రెషర్ ఇవ్వడానికి టర్బో ఇంకా గట్టిగా తిరగాలి. ప్రెషర్ పెరిగాక ఈసీయూ వేన్లు తెరవమంటుంది, మసి పట్టి అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఈలోపు ప్రెషర్ గీత దాటుతుంది. మీకు పొగ రాకపోవడం కూడా దీనికే సరిపోతుంది. టర్బో తర్వాత గొట్టం చిరిగి గాలి బయటికి పోతుంటే, కొలిచిన గాలికి తగ్గట్టు పడిన డీజిల్‌కు గాలి చాలక నల్లపొగ వచ్చేది.

అలాగని నేరుగా టర్బో విప్పనక్కర్లేదు. ఇవే లక్షణాలు చవకైన చోట నుంచీ రావచ్చు. ఎన్75కు మూడు మూతులుంటాయి: వాక్యూమ్ వచ్చేది, యాక్చుయేటర్‌కు పోయేది, ఎయిర్ ఫిల్టర్ వైపు గాలి వదిలేది. గాలి వదిలే మూతి గానీ దాని గొట్టం గానీ దుమ్ముతో మూసుకుపోతే యాక్చుయేటర్‌లోని వాక్యూమ్ విడుదల కాదు, వేన్లు మూసుకునే ఉంటాయి. ఫలితం అదే పీ0234. చాలామంది చూడని చోటు ఇదే. ఆ గొట్టాన్ని పీకి నోటితో ఊది చూడండి, ధారాళంగా పోవాలి. తిరిగి పెట్టేటప్పుడు గొట్టాలు తారుమారు కాకుండా ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

మిగతా వాక్యూమ్ గొట్టాలు గుడ్డ అల్లిక ఉన్న సన్నటి రబ్బరువి. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వేడికి, నూనె తడికి కొసల దగ్గర పగులుతాయి, కొన్నిసార్లు ఎలుకలు కొరికేస్తాయి. వేలితో వంచితే పగుళ్లు కనిపిస్తాయి. లోపలి వ్యాసం సుమారు 3 మిల్లీమీటర్లుండే మందపాటి సిలికాన్ గొట్టం మూడు మీటర్లు కొని అన్నీ ఒకేసారి మార్చేయండి. ఒక్కొక్కటీ వెతుక్కోవడం దండగ. బ్రేక్ పెడల్ ఈమధ్య గట్టిగా అనిపిస్తోందా అన్నది కూడా గమనించండి. బ్రేకుకూ టర్బోకూ వాక్యూమ్ ఇచ్చేది ఒకే పంపు.

తర్వాత కడ్డీ. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. టర్బో ఇంజిన్ వెనక, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడకు దగ్గరగా ఉంటుంది గనక పైనుంచి అద్దం, టార్చి కావాలి, లేదా ర్యాంపు మీద కింద నుంచి చూడాలి. ఒకరు స్టార్ట్ చేస్తే కడ్డీ సుమారు సెంటీమీటరు కదిలి ఆగాలి, ఇంజిన్ ఆపితే తడబాటు లేకుండా వెనక్కి రావాలి. ఇంతకంటే నమ్మకమైనది చేతి వాక్యూమ్ పంపు. యాక్చుయేటర్‌కు తగిలించి మెల్లగా లాగితే గేజీ మీద 4 అంగుళాల (పాదరసం కొలత) దగ్గర కడ్డీ కదలిక మొదలై 18 అంగుళాల ప్రాంతంలో చివరికి చేరాలి. అక్కడ ఆపితే ముల్లు దిగకూడదు. దిగితే డయాఫ్రమ్, అంటే యాక్చుయేటర్ లోపలి పొర, చిరిగింది. వదులుతున్నప్పుడు ఒకచోట ఆగి టక్కున దూకితే వేన్లు పట్టేశాయి. మధ్యలో పట్టేసే టర్బోకు మందుంది, డయాఫ్రమ్ చిరిగినా యాక్చుయేటర్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు రోడ్డు పరీక్ష. అసలు రోగం తేలేది ఇక్కడే. స్కానర్‌లో ఇంజిన్ మెజరింగ్ బ్లాక్స్ 011వ గ్రూపు తెరిస్తే నాలుగు అంకెలుంటాయి: ఆర్పీఎం, అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్, ఎన్75 శాతం. పక్క సీట్లో ఒకరు రికార్డు చేస్తుంటే, ఖాళీగా ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద మూడో గేరులో 1500 నుంచి 3500 దాకా పూర్తిగా తొక్కండి. ఎక్కుడు రోడ్డయితే ఇంకా మంచిది. ఇందులో ప్రెషర్ గాలి ఒత్తిడితో కలిపి చూపిస్తుంది గనక 2000 దాటిన అంకె చూసి భయపడొద్దు.

వచ్చింది అడిగినదానికంటే 200, 300 మిల్లీబార్లు పైకి పోయి, ఎన్75 శాతం కిందికి పడిపోతున్నా ప్రెషర్ దిగకపోతే వేన్లు పట్టేసినట్టు, లేదా నేను చెప్పిన గాలి గొట్టం మూసుకున్నట్టు. దీనికి విరుద్ధంగా వచ్చింది అడిగినదానికి అందకుండా, ఎన్75 శాతం గరిష్ఠానికి పోయి అక్కడే కూర్చుంటే ఎక్కడో లీకుంది: వాక్యూమ్ గొట్టంలోనో, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపుల్లోనో. ఈ పైపుల జాయింట్లకు స్ప్రింగు క్లిప్, లోపల రబ్బరు రింగు ఉంటాయి. రింగు గట్టిపడితే బరువు పడినప్పుడే విప్పారుతుంది, ఐడిల్‌లో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు మూతి బిగించి, ఇంజిన్ శ్వాస గొట్టం కూడా మూసి, 0.7 బార్ మించకుండా గాలి పెట్టి సబ్బు నీళ్లు రాస్తే దొరికిపోతుంది. రెగ్యులేటర్ లేకుండా టైర్ల కంప్రెసర్ నేరుగా తగిలిస్తే ఉన్న గొట్టాలూ ఊడతాయి.

రెండు ప్రెషర్లూ కలిసి నడుస్తున్నా బండి లాగకపోతే టర్బోను వదిలేసి 003వ గ్రూపులో గాలి కొలత చూడాలి. 3000 ఆర్పీఎంలో పూర్తిగా తొక్కినప్పుడు ఒక్కో స్ట్రోక్‌కు 800 మిల్లీగ్రాములకు పైగా రావాలి. 700 లోపే ఉంటే గాలి కొలిచే సెన్సర్ మీద అనుమానం. దాని ప్లగ్ పీకి నడిపి చూడండి, అప్పుడు పికప్ మెరుగైతే సెన్సర్ పోయినట్టే. కొత్త సెన్సర్ వేసినా అంకె పెరగకపోతే మాత్రం వాల్వ్ కవర్ విప్పించాలి. పంపు-ఇంజెక్టర్ రకానికి చెందిన ఈ ఇంజిన్లలో వాల్వ్‌లను తెరిచే క్యామ్‌షాఫ్ట్ బొడిపెలు అరగడం ఎరిగిన జబ్బే. ఇన్‌టేక్ (గాలి లోపలికొచ్చే వైపు) బొడిపె అరిగితే వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, గాలి తగ్గుతుంది, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి ఉఫ్ ఉఫ్ మని చప్పుడు కూడా రావచ్చు. ఫోక్స్‌వ్యాగన్ 505.01 ప్రమాణం లేని ఇంజిన్ ఆయిల్ ఏళ్లపాటు పోసిన కార్లలో దీనికి ముప్పు ఎక్కువ. మీరు వాడుతున్న డబ్బా మీద ఆ అంకె ఉందో లేదో ఈరోజే చూడండి.

డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ 30,000 కిలోమీటర్లు దాటి ఉంటే పరీక్షలకు ముందే మార్చేయండి. ఇంజిన్ ఆర్పీఎం పెరుగుతూ బండి వేగం పెరగకపోతే అది క్లచ్ జారడం, దీనికి సంబంధం లేదు.

వేన్లు పట్టేసినట్టు తేలితే వైద్యం రెండంచెలు. బిగుతు కొద్దిగా ఉంటే, వాక్యూమ్ గొట్టాలు మార్చాక, ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత హైవే మీద మూడో గేరులో 3000 దగ్గర పదిహేను, ఇరవై నిమిషాలు నడపండి. మధ్యమధ్య గట్టిగా తొక్కి వదలాలి. లింప్ మోడ్‌లోకి పోతే బండిని పక్కకు తీసి ఆపి, మళ్లీ మొదలెట్టండి. రెండు మూడు సార్లకే తేడా కనిపించాలి. కనిపించకపోతే టర్బో విప్పి వేన్ల వైపు శుభ్రం చేయించాలి. విడదీసే ముందు రెండు భాగాల మీదా గీత పెట్టించండి, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు కోణం మారుతుంది. వేన్ల దగ్గరుండే ఆపుడు స్క్రూ జోలికి ఎవర్నీ పోనివ్వకండి. దాన్ని అర చుట్టు తిప్పి 'పికప్ పెంచాం' అనేవాళ్లు కొత్త రోగం అంటిస్తారు.

విప్పినప్పుడే షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి చూడండి. పక్కలకు కాస్త ఊగడం సహజం. ముందుకూ వెనక్కూ ఆడకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. ఇంటర్‌కూలర్ పైపులో పల్చటి నూనె పొర ఉంటే పట్టించుకోవద్దు. వంచితే గ్లాసెడు కారితే మాత్రం మెకానిక్ మాటే నిజమైంది, టర్బో మార్చాలి. అప్పుడు ఇంటర్‌కూలర్ కడిగించి, ఆయిల్ వచ్చే సన్న పైపు కొత్తది వేయించండి. పాత పైపులో మాడిన ఆయిల్ కొత్త టర్బోను త్వరగానే తినేస్తుంది. బిగించాక ఆయిల్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, ఇంజెక్టర్ల కనెక్టర్ పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పిన తర్వాతే స్టార్ట్ చేయాలి.

ఈలోగా అరకు వెళ్లాల్సి వస్తే రెండో గేరులో, యాక్సిలరేటర్ సగానికి మించకుండా ఎక్కండి. అలా అయితే కంప్యూటర్ జోక్యం చేసుకునేంత ప్రెషర్ రాదు. వెనక నీలం పొగ కనిపించినా, ఈల లాంటి కొత్త చప్పుడు వినిపించినా అక్కడే ఆపి బండిని టోయింగ్ చేయించండి. కారిన ఆయిల్‌నే పీల్చి తాళం తీసినా ఆగకుండా ఇంజిన్ రేజ్ అయిపోతే, బ్రేకు బలంగా తొక్కి, పై గేరులో వేసి, క్లచ్ వదిలి ఆపాలి.