ఒక బగ్గా, ఆ బగ్గా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మెయిల్ పెట్టాను: 'ఐ ఫిక్స్‌డ్ ది బగ్'. అరగంట తిరక్కుండానే మేనేజర్ టీమ్ మొత్తానికి శుభవార్త పంపేశాడు. వారం రోజులుగా అందర్నీ ఏడిపిస్తున్న బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) పోయిందని ఆయన అనుకున్నాడు. నేను సరిచేసింది మధ్యలో కంటపడ్డ ఇంకో చిన్న తప్పు. 'ఎ బగ్' అని రాసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఇంగ్లీషు ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) గురించి అడిగితే నేను ముందు ఈ సంగతే చెబుతాను. బళ్లో బట్టీపట్టిన రూల్స్ కాసేపు పక్కన పెట్టండి. నేను చెబుతున్నది ఏదో ఎదుటివాళ్లకు తెలుసా? తెలిస్తే 'ది', తెలియకపోతే 'ఎ'. మీకు తెలిస్తే చాలదు, వాళ్లకు తెలియాలి. మనం తప్పు చేసేది సరిగ్గా అక్కడే. 'క్లోజ్ ది డోర్' అంటాం. తలుపు గురించి అంతకుముందు మాట రాకపోయినా, గదికి ఉన్నది ఒకటే తలుపు కాబట్టి ఏదో ఇద్దరికీ తెలుసు.

ఈ తేడా తెలుగుకు కొత్తేమీ కాదు. 'పుస్తకం చదివాను' కంటే 'పుస్తకాన్ని చదివాను' అన్నప్పుడు ఫలానా పుస్తకం అనే ధ్వని ఎక్కువ. కాకపోతే మనం చెప్పినా చెప్పకపోయినా నడిచిపోతుంది, ఇంగ్లీషులో నడవదు.

'యాన్' పుట్టిందే పాత ఇంగ్లీషులో 'ఒకటి' అనే మాట నుంచి. 'ఎ' దాని పొట్టి రూపం. అందుకే ఒకటి, రెండు అని లెక్కపెట్టని మాటల ముందు అవి పనికిరావు. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్ అలాంటివే. మనవాళ్ల రెజ్యూమేల్లో తరచూ కనబడే 'డెవలప్‌డ్ ఎ సాఫ్ట్‌వేర్' కూడా ఈ తప్పే. 'ఎ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్' మాత్రం సరైనదే, అక్కడ లెక్కపెట్టేది ఇంజినీర్‌ని.

ఎ, యాన్ సంగతి మీకు తెలిసిందే: అక్షరం కాదు, శబ్దం చూడాలి. 'ఎ యూనివర్సిటీ', 'యాన్ అవర్'. మనల్ని ముంచేది హెచ్. దాన్ని మనం 'హెచ్' అని పలుకుతాం కాబట్టి 'ఎ హెచ్ఆర్ మేనేజర్' అనేస్తాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది 'ఎయిచ్' అంటారు, కాబట్టి రాతలో 'యాన్' పెట్టండి.

దేశాల పేర్లకు మామూలుగా ఏమీ ఉండదు. ది యునైటెడ్ స్టేట్స్, ది నెదర్లాండ్స్, ది ఫిలిప్పీన్స్ లాంటివి గుర్తుపెట్టుకోవాల్సిందే.

మాటల్లో ఒక 'ది' జారిపోయినా ఎవరూ పట్టించుకోరు, టెన్షన్ వద్దు. 'ఫ్యూ' ముందు 'ఎ' మాత్రం మింగేయకండి. 'ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్' అంటే కొన్ని సందేహాలున్నాయని. 'ఎ' తీసేస్తే, పెద్దగా సందేహాలేమీ లేవని. మీరు అడగడానికి నోరు తెరిచేలోపు మీటింగ్ ముగించేసినా తప్పు వాళ్లది కాదు.