డిస్క్ బ్రేకులు వేశాక పెడల్ మెత్తగా దిగిపోతుంటే

అన్నా, మీ 1969 ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్‌కి ముందు డిస్క్ బ్రేకులు వేశాక, బ్రేకు పైపుల్లోని గాలి మూడుసార్లు తీసినా పెడల్ స్పాంజిలా దిగుతోందన్నారు కదా. మొదట క్యాలిపర్లు, అంటే డిస్కుని నొక్కి పట్టే భాగాలు, చూడండి. గాలి తీసే నిపుల్ కిందివైపు ఉందా? అయితే కుడి, ఎడమ తారుమారయ్యాయి. గాలి పైన చేరి ఉంటుంది, ఎన్నిసార్లు తీసినా పోదు. నాకు ఇలాగే రెండు ఆదివారాలు పోయాయి. అటుది ఇటు, ఇటుది అటు మార్చి మళ్లీ గాలి తీయండి.

నిపుల్ పైనే ఉంటే, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌ని అనుమానించాలి. డిస్కుల పిస్టన్లు పెద్దవి, పాత డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్ తోసే ఆయిల్ వాటికి చాలకపోవచ్చు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సీల్ విప్పని డాట్ 4 బ్రేక్ ఆయిల్ డబ్బానే తీసుకోండి, తెరిచింది తేమ పీలుస్తుంది. పెడల్ గట్టిపడేదాకా అనంతగిరి ఘాట్ వైపు మాత్రం వెళ్లకండి, ప్లీజ్.