మాన్యువల్ గేర్ల పాత పికప్‌కు కంపెనీ క్రూయిజ్ కంట్రోల్: ముందు క్లచ్ స్విచ్ సంగతి చూడండి

మీరు అడిగింది ఇది: మీ పాత పికప్ ఐదు గేర్ల మాన్యువల్. అదే మోడల్‌లో ఖరీదైన రకానికి కంపెనీ వాళ్లే క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే, సెట్ చేసిన వేగాన్ని నిలబెట్టే ఏర్పాటు) ఇచ్చారు, మీ బండికి ఇవ్వలేదు. ఆ రకం బండి నుంచి విడిభాగాలు తెచ్చి బిగించుకోవచ్చా? మాన్యువల్ బండికి అది కుదరదని మీ మెకానిక్ అంటున్నాడు, నిజమేనా?

కుదురుతుంది. నా పికప్‌కు నేనే బిగించుకున్నాను, నాలుగేళ్లుగా వాడుతున్నాను. అయితే మీ మెకానిక్ భయానికి అసలు కారణం ఒకటుంది. దాన్ని కొట్టిపారేయకండి, ఎందుకంటే నేను మొదట తప్పు చేసింది సరిగ్గా అక్కడే.

నాకు విడిభాగాలు దొరికిన బండి ఆటోమేటిక్. స్టీరింగ్ మీది స్విచ్, కంట్రోల్ యూనిట్, ఇంజిన్‌కు గాలి అందించే థ్రాటిల్‌ను లాగి తెరిచే యాక్చువేటర్, దాని కేబుల్ అన్నీ అందులోంచే తీశాను. ఆటోమేటిక్ కాబట్టి, క్లచ్ తొక్కగానే క్రూయిజ్‌ను వదిలించే క్లచ్ స్విచ్ అందులో లేదు. ఆ స్విచ్‌కు వెళ్లవలసిన రెండు వైర్లను ఒకదానితో ఒకటి కలిపేసి, ఆపడానికి బ్రేకు ఉంది కదా, చాలులే అనుకున్నాను. మొదటిసారి రోడ్డు మీదకు తీసుకెళ్లి ఐదో గేరులో 90 దగ్గర సెట్ చేశాను. బండి చక్కగా పోతోంది. ముందు ఒక లారీ నెమ్మదిగా వెళుతుంటే నాలుగో గేరు వేద్దామని అలవాటుగా క్లచ్ తొక్కాను. అంతే, ఇంజిన్ ఒక్కసారిగా గొంతెత్తి అరిచింది. రెండున్నర వేల దగ్గరున్న ఆర్‌పీఎం ముల్లు రెప్పపాటులో అయిదు వేలు దాటింది. నా కుడికాలు యాక్సిలరేటర్ మీద లేనే లేదు. బ్రేకు తాకగానే శాంతించింది కానీ, ఇంటికి వచ్చేదాకా చేతుల వణుకు తగ్గలేదు.

జరిగింది చాలా మామూలు విషయం. 90 కిలోమీటర్ల వేగం నిలబెట్టడానికి థ్రాటిల్ కొంత తెరుచుకుని ఉంటుంది. క్లచ్ తొక్కగానే ఇంజిన్ మీద చక్రాల బరువు పోతుంది, థ్రాటిల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పైగా బండి నెమ్మదించడం చూసి కంట్రోల్ యూనిట్ దాన్ని ఇంకా తెరుస్తుంది. ఇంజిన్ పగ్గాలు తెంచుకోక ఏం చేస్తుంది? ఆటోమేటిక్‌కూ మాన్యువల్‌కూ ఈ విషయంలో ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. దానికి మందు వేలెడంత స్విచ్ ఒకటి. కంపెనీ వాళ్లు మాన్యువల్ బండ్లకు అది పెట్టే ఇచ్చేవారు.

కాబట్టి నా మాట వినండి. ఈ పనిని బండిని నడిపించే ఏర్పాటుగా కాక, ఆపే ఏర్పాటుగా మొదలుపెట్టండి. బ్రేకు, క్లచ్, మెయిన్ స్విచ్ ఈ మూడూ విడివిడిగా క్రూయిజ్‌ను వదిలించగలగాలి. అవి సిద్ధమయ్యాకే యాక్చువేటర్ కేబుల్‌ను థ్రాటిల్‌కు తగిలించండి.

క్లచ్ పెడల్ దగ్గర తలకిందులుగా పడుకుని టార్చి వేసి చూడండి. అక్కడ ఇప్పటికే ఒక స్విచ్ ఉండవచ్చు. చాలా బండ్లలో అది స్టార్టర్‌కు సంబంధించినది, పెడల్‌ను పూర్తిగా అడుక్కి తొక్కినప్పుడు మాత్రమే కలుస్తుంది. క్రూయిజ్ స్విచ్ వేరు. పెడల్ పైకి వచ్చి ఆగేచోట, దాని చేతికి ఆనుకుని ఉంటుంది. నా బండిలో పెడల్ వదిలి ఉన్నంతసేపూ అది కలిసి ఉంటుంది, కాలు పెట్టగానే విడిపోతుంది. కొన్ని మోడళ్లలో తారుమారుగా ఉంటుంది కాబట్టి మీ మోడల్ వైరింగ్ పటం చూసి, మల్టీమీటరుతో కంటిన్యుటీ (కరెంటు దారి కలిసి ఉందా లేదా అన్నది) పరీక్షించి నిర్ధారించుకోండి. స్విచ్ మరను బిగించేటప్పుడు ఒక జాగ్రత్త: పెడల్‌ను మొదటి రెండు మూడు సెంటీమీటర్లు తొక్కేలోపే, అంటే క్లచ్ ఇంకా పట్టు వదలకముందే, స్విచ్ విడిపోవాలి. ఆలస్యమైతే ఇంజిన్ కాస్తయినా అరుస్తుంది. మరీ ముందుకు బిగిస్తే పెడల్ పూర్తిగా పైకి రాక క్లచ్ ప్లేటు అరుగుతుంది. మరీ వెనక్కి ఉంటే గతుకు తగిలినప్పుడల్లా క్రూయిజ్ దానంతట అదే వదిలేస్తుంది. నాకు ఇది కుదరడానికి ఒక పూట పట్టింది, ఆ పూట దండగ కాలేదు.

ఇప్పుడు వైర్ల సంగతి. ఏదీ కొనకముందే డ్యాష్‌బోర్డు కింద, ఇంజిన్ గదిలో ఖాళీ కనెక్టర్ల కోసం వెతకండి. చాలా కంపెనీలు అన్ని రకాలకూ ఒకే వైర్ల కట్ట వేసి, అవసరం లేని కనెక్టర్లను టేపు చుట్టి వదిలేసేవి. నా బండిలో కంట్రోల్ యూనిట్ కనెక్టర్, క్లచ్ స్విచ్ కనెక్టర్ రెండూ అలాగే నీలం టేపు చుట్టుకుని కనిపించాయి. బయటికి తీసి దుమ్ము తుడిస్తే పిన్నులు కొత్తవాటిలా మెరిశాయి. మీకూ అలా దొరికితే సగం పని అయిపోయినట్టే. దొరక్కపోతే విడదీసే బండి నుంచే ఆ కట్టను తీసుకోండి, కత్తిరించకుండా కనెక్టర్లతో సహా. బజారులో దొరికే, ఏ బండికైనా వేసుకునే కిట్ కాకుండా కంపెనీ సామాను వెతుక్కోవడంలో ఉన్న లాభం కూడా ఇదే: బోల్టు రంధ్రాల దగ్గర నుంచి వైరు రంగుల దాకా అన్నీ ఆ బండి కొలతలకే ఉంటాయి, రేపు ఏదైనా పాడైతే ఆ మోడల్ వర్క్‌షాప్ పుస్తకం చూసి ఎవరైనా బాగుచేయగలరు.

ఆటోమేటిక్ బండి కంట్రోల్ యూనిట్ మాన్యువల్‌కు పనికొస్తుందా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. నా దాంట్లో పనికొచ్చింది. ఆటోమేటిక్‌లో న్యూట్రల్ సంకేతం వచ్చే పిన్నుకే మాన్యువల్‌లో క్లచ్ స్విచ్ వస్తుంది. ఓవర్‌డ్రైవ్‌ను, అంటే ఆటోమేటిక్‌లోని పై గేరును, వదిలించే వైరును ఖాళీగా ఉంచాను. అయినా మాన్యువల్ బండి యూనిట్ నంబరుతోనే దొరికితే అదే తీసుకోండి.

మీ పికప్‌లో థ్రాటిల్‌కు కేబుల్ లేకుండా ఎలక్ట్రానిక్ పెడల్ ఉంటే పని చాలా చిన్నది. యాక్చువేటర్ అక్కర్లేదు, ఇంజిన్ కంప్యూటరే ఆ పని చూసుకుంటుంది. కొన్ని మోడళ్లలో స్టీరింగ్ స్విచ్, క్లచ్ స్విచ్ పెడితే సరిపోతుంది. కేబుల్ ఉన్న బండి అయితే థ్రాటిల్ బాడీని ఒకసారి చూడండి. క్రూయిజ్ ఉన్న రకానికి రెండో కేబుల్ తగిలించుకునే చక్రమో కొక్కెమో అదనంగా ఉంటుంది. మీ దానికి లేకపోతే ఆ భాగాన్నీ, కేబుల్ నిలబెట్టే బ్రాకెట్‌నూ మరిచిపోకుండా తెచ్చుకోండి.

యాక్చువేటర్లు రెండు రకాలు. ఒకటి మోటారుతో, అయస్కాంత క్లచ్‌తో కేబుల్‌ను లాగేది. ఇంకొకటి ఇంజిన్ పీల్చే వాక్యూమ్‌తో రబ్బరు పొరను లాగేది. వాక్యూమ్ రకమైతే పాత గొట్టాలన్నీ మార్చండి, కంటికి కనిపించని పగులు చాలు అది పట్టు తప్పడానికి. ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుంటుంది కాబట్టి వాక్యూమ్ తగ్గిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే బలం చాలదన్నమాట. అందుకే కొన్ని బండ్లలో చిన్న నిల్వ డబ్బా, ఒకవైపే గాలిని వదిలే వాల్వు ఉంటాయి. అవి ఉంటే వాటినీ తీసుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. మీరు విడిభాగాలు తీసేది ఫోర్డ్ పాత పికప్ నుంచి అయితే, మాస్టర్ సిలిండర్ (బ్రేకు ద్రవానికి ఒత్తిడి ఇచ్చే భాగం) మీద ఉండే క్రూయిజ్ ప్రెషర్ స్విచ్ గురించి తెలుసుకోండి. తాళంచెవి తీసేసినా దానికి కరెంటు అందుతూనే ఉండేది. లోపలి పొర గుండా బ్రేకు ద్రవం చెమ్మగిల్లి, తుప్పు పట్టి, ఆపి ఉంచిన బండ్లు కూడా అంటుకున్నాయి. దానివల్ల 1999 నుంచి 2009 వరకు ఆ కంపెనీ విడతలు విడతలుగా దాదాపు 1.4 కోట్ల వాహనాలను వెనక్కి పిలిచి, ఫ్యూజు ఉన్న వైరును మధ్యలో చేర్చింది. ఆ మరమ్మతు జరగని బండి స్విచ్‌ను మీ బండిలో పెట్టవద్దు.

వేగం సంకేతం లేకపోతే ఇవన్నీ బిగించినా ప్రయోజనం లేదు. స్పీడోమీటర్‌కు కేబుల్ తిరిగే కాలపు బండి అయితే, మీటరు లోపల చిన్న రీడ్ స్విచ్ (అయస్కాంతం తిరుగుతుంటే కలిసి విడిపోతూ కంట్రోల్ యూనిట్‌కు వేగం చెప్పేది) ఉందో లేదో చూడండి. చాలా జపాన్ బండ్లలో కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరుగుతుంది, చుట్టుకు 4 పల్సులు, అంటే విద్యుత్ సంకేతాలు, వెళతాయి. ఆ స్విచ్ లేని మీటరు అయితే అది ఉన్న మీటరు వేసుకోవాలి.

స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే బ్యాటరీ నెగటివ్ తీసేసి, వర్క్‌షాప్ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగాకే చెయ్యి పెట్టండి. స్విచ్ వైర్లు లోపలికి వెళ్లే క్లాక్ స్ప్రింగ్‌లో (స్టీరింగ్ తిరిగినా వైర్లు తెగకుండా చుట్టుకుని విప్పుకునే పట్టీ) మీ దానికి వైర్లు తక్కువ ఉండవచ్చు, అప్పుడు దాన్నీ మార్చాలి. కొత్తది పెట్టేటప్పుడు చక్రాలు నేరుగా ఉంచి, దాన్ని మధ్యకు తెచ్చి బిగించండి. లేకపోతే స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పిన రోజున లోపలి పట్టీ తెగిపోతుంది. ఈ భాగం మీద నమ్మకం లేకపోతే తెలిసినవాళ్లకు అప్పగించండి.

బ్రేకు స్విచ్ దగ్గర నాకు రెండు ఆదివారాలు పోయాయి, మీకు అలా పోకూడదు. క్రూయిజ్ లేని బండికి రెండు వైర్ల స్విచ్ ఉంటుంది, లైట్ల కోసం. క్రూయిజ్ ఉన్నదానికి నాలుగు వైర్లు: ఒక జత బ్రేకు తొక్కితే కలిసి లైట్లు వెలిగిస్తుంది, రెండో జత తొక్కితే విడిపోయి క్రూయిజ్‌ను వదిలిస్తుంది. నాలుగు వైర్లదే వేశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, డ్యాష్‌బోర్డులో పచ్చదీపం వెలుగుతోంది. కానీ సెట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. వైర్లన్నీ మళ్లీ విప్పి చూశాను, కంట్రోల్ యూనిట్ పాడయిందనుకుని ఇంకొకటి తెచ్చాను, దానితోనూ అంతే.

చివరికి తేలింది ఏమిటంటే, వెనక బ్రేకు లైట్లకు అంతకుముందు ఏడాది నేను ఎల్‌ఈడీ బల్బులు వేసి ఉన్నాను. నా బండిలాంటి పాత కంట్రోల్ యూనిట్లు బ్రేకు లైటు వైరును ఎప్పుడూ కనిపెట్టుకుని ఉంటాయి. బ్రేకు తొక్కనప్పుడు ఆ వైరు మామూలు బల్బు ఫిలమెంటు గుండా ఎర్తుకు అంది ఉండాలి. ఎల్‌ఈడీలో ఆ దారి ఉండదు. అప్పుడు యూనిట్‌కు బ్రేకు స్థితి తెలియక, పట్టుకోవడానికి నిరాకరిస్తుంది. ఒక పక్క ఎల్‌ఈడీ తీసి పాత ఫిలమెంటు బల్బు పెట్టాను. ఆ సాయంత్రమే మొదటి నొక్కుకు పట్టుకుంది. బ్రేకు లైట్లన్నీ మాడిపోయిన బండిలోనూ ఇలాగే మొరాయిస్తుంది, అది నిజానికి మంచి ఏర్పాటు.

కేబుల్ సరిచేయడం ఓపికతో చేయవలసిన పని. బిగువు ఎక్కువైతే ఐడ్లింగ్ పెరుగుతుంది. వదులు ఎక్కువైతే సెట్ నొక్కగానే వేగం ఒకసారి జారి, తర్వాత అందుకుంటుంది. వేలితో కదిపితే కొద్దిగా కదిలేంత వదులు ఉంచండి. క్రూయిజ్ కంట్రోల్‌ను కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ చిన్నప్పుడే చూపు పోగొట్టుకున్న ఇంజినీరు. ఆయన ఏర్పాటు 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కార్లలో తొలిసారి జనానికి అందింది. కేబుల్ బిగిస్తూ ఆయన్ను చాలాసార్లు తలచుకున్నాను. వేగంలో తేడా మీటరు కంటే ముందు వీపుకు తెలుస్తుంది. సెట్ నొక్కినప్పుడు సీటులో కుదుపు తెలిస్తే కేబుల్ ఇంకా కుదరలేదని అర్థం.

పరీక్షకు ఎవరూ లేని నేరు రోడ్డు ఎంచుకోండి. చాలా బండ్లలో 40 కిలోమీటర్ల లోపు ఇది పట్టుకోదు, 60 దగ్గర మొదలుపెట్టండి. పట్టుకోగానే బ్రేకును కాలి వేలితో తాకినంత తాకండి, వదలాలి. మళ్లీ సెట్ చేసి క్లచ్ తాకండి, ఇంజిన్ అరవకుండా వదలాలి. మూడోసారి మెయిన్ స్విచ్ ఆపండి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా కేబుల్ ఊడదీసి ఇంటికి రండి. ఇంకొకటి, క్రూయిజ్ పట్టుకుని ఉండగా క్లచ్ తొక్కకుండా గేరును న్యూట్రల్‌లోకి లాగే అలవాటు ఉంటే మానుకోండి. ఆ సమయంలో కాపాడే స్విచ్ ఏదీ మాన్యువల్ బండిలో ఉండకపోవచ్చు.

మీరు ముందుగా చేయవలసింది ఒకటే. క్లచ్ పెడల్ పైభాగంలో, డ్యాష్‌బోర్డు కింద ఎడమ మూలలో చూసి, ఖాళీ కనెక్టర్లు ఉన్నాయా, ఉంటే ఒక్కోదానికి ఎన్ని వైర్లు, ఏ రంగులు అన్నది, బండి మోడల్, సంవత్సరంతో పాటు ఇక్కడ రాయండి. వైరింగ్ పటంతో పోల్చి ఏ పిన్ను దేనికో చెబుతాను.