ట్రేసర్‌ని ‘అన్వేషకం’ అనవచ్చా?

సందేహం: ఒక విజ్ఞాన వ్యాసం అనువదిస్తూ, ‘భూతాప క్షేత్రాల్లో రసాయన అన్వేషకాలతో ప్రవాహాన్ని కొలుస్తారు’ అని రాశాను. మా అబ్బాయి చదివి, ‘ఇది గ్లోబల్ వార్మింగ్ గురించా? వెతికేది ఎవరు?’ అని అడిగాడు. తప్పెక్కడుంది?

సమాధానం: మీ అబ్బాయి అడిగిన రెండూ సరైన ప్రశ్నలే. ‘భూతాపం’ మన పత్రికల్లో గ్లోబల్ వార్మింగ్‌కి స్థిరపడిపోయింది. ఇక్కడి సంగతి నేల లోపలి వేడి. ‘భూగర్భ ఉష్ణశక్తి’ అంటే గొడవ ఉండదు. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి వాళ్లు ఉడుకునీళ్లతో పెట్టిన 20 కిలోవాట్ల ప్రయోగ ప్లాంటు అలాంటిదే.

ఇక అన్వేషకం. అంటే వెతికేది. ట్రేసర్ అంటే పారే నీటిలోనో ఆవిరిలోనో మనం కలిపే రసాయనం. అది దేన్నీ వెతకదు, దాన్నే మనం వెతుకుతాం. అది చేసే పని చూడండి. కాలిఫోర్నియాలో కోసో అనే భూగర్భ ఉష్ణక్షేత్రం ఉంది. అక్కడి బావుల్లోంచి ఆవిరి, ఉడుకునీరు కలగలిసి ఒకే గొట్టంలో వస్తాయి. ఏది ఎంతో మామూలు మీటరు సరిగా చెప్పలేదు. అందుకని నీటిలో కరిగే రసాయనం ఒకటి, ఆవిరితో పోయే వాయువు ఒకటి లెక్క ప్రకారం గొట్టంలోకి వదులుతారు. అవి బాగా కలిశాక, కొంత దూరంలో నమూనా పట్టి ఎంత పలచబడ్డాయో చూస్తారు. నిమిషానికి 1 గ్రాము వదిలితే, కిలో నీటిలో 1 మిల్లీగ్రాము తేలిందనుకోండి. నిమిషానికి 1000 కిలోల నీరు పారుతున్నట్టు. పులుసు పలచనైతే నీళ్లెన్ని పడ్డాయో వంటచేసేవాళ్లకి తెలిసిపోయినట్టే.

అమెరికాలోనే నెవడాలో ఉన్న డిక్సీ వ్యాలీ అనే మరో ఉష్ణక్షేత్రంలో పని ఇంకో రకం. వాడిన నీటిని తిరిగి భూమిలోకి పంపే బావిలో నాఫ్తలీన్ సల్ఫోనేట్లు అనే రసాయనాలు కలిపారు. అంత వేడికీ అవి చెడవు. ఏ బావిలో, ఎన్నాళ్లకు తేలతాయో చూస్తే నేల కింద నీటి దారి తెలుస్తుంది. ఇది అచ్చంగా జాడ తీయడమే.

అందుకే నేను ‘జాడద్రవ్యం’ అంటాను. ‘ఆనవాలు’ కూడా మంచి మాటే, కానీ అది గుర్తుపట్టడానికి చూపేది. సీతమ్మకు హనుమంతుడు చూపిన ఉంగరం ఆనవాలు. జాడ అలా కాదు, వెంట పోవడానికి పనికొచ్చేది. జాడ తెలుగు, ద్రవ్యం సంస్కృతం, రెండూ ఎలా అతుకుతాయంటారా? పాలసముద్రం, వంటశాల అని హాయిగా అంటున్నాం కదా!

మొదటిసారి మాత్రం ‘ట్రేసర్ అనే జాడద్రవ్యం’ అని పరిచయం చేయండి. తర్వాత మీ వాక్యం ఇలా రాయవచ్చు: ‘భూగర్భ ఉష్ణక్షేత్రాల్లో ఆవిరి, నీరు ఎంతెంత పారుతున్నాయో జాడద్రవ్యాలు కలిపి కొలుస్తారు.’