అటక ఎక్కని దర్యాప్తు

డిసెంబరులో చూడదగిన భయానక చిత్రాల ప్రస్తావన ఈ శీర్షికలో వచ్చినప్పటి నుంచి, 1974 నాటి కెనడా చిత్రం ‘బ్లాక్ క్రిస్మస్’ను మెచ్చుకుంటూనూ విసుక్కుంటూనూ పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారు. అందుకే ఈ సంచికలో జవాబులన్నీ ఆ ఒక్క సినిమాకే కేటాయించాను. ముగింపుతో సహా కథంతా చెప్పకుండా వీటికి జవాబివ్వడం సాధ్యం కాదు కనుక, సినిమా చూడాలనుకునేవారు ముందు అది చూసి తరువాత ఈ పేజీకి రావలసిందిగా మనవి.

ప్రశ్న: మాది గుంటూరు. డిసెంబరు వచ్చిందంటే మా చర్చి యువకులతో కలిసి రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి క్యారల్స్ పాడతాను. ఆ సినిమాలో పిల్లలు గుమ్మం ముందు క్యారల్ పాడుతుండగా మేడ మీద హత్య జరిగే సన్నివేశం చూసి మనసు కలుక్కుమంది. భయపెట్టడానికి పండగను వాడుకోవడం తప్ప, ఈ కథకు క్రిస్మస్‌తో నిజంగా పని ఉందా?

జవాబు: ఉంది, చాలా ఉంది. ఈ చిత్రంలో నాకు అన్నిటికన్నా బలంగా కనిపించేది కూడా అదే. పండగ పేరు పెట్టుకున్న స్లాషర్ చిత్రం (హంతకుడు ఒక్కొక్కరినే వరసగా చంపుకుంటూ పోయే సినిమా) ఏది చూసినా నేను మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: పండగను తీసేస్తే కథ నిలుస్తుందా? నిలిస్తే ఆ పండగ గోడకు అతికించిన రంగు కాగితంతో సమానం. ఇక్కడ నిలవదు.

కథ జరిగేది సోరారిటీ ఇంట్లో. విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయిలు ఒక సంఘంగా ఏర్పడి కలిసి ఉండే ఇల్లది. మన లేడీస్ హాస్టల్‌కు దగ్గరి చుట్టమనుకోండి. వార్డెన్ స్థానంలో మిసెస్ మాక్ అనే పెద్దావిడ ఉంటుంది. సెలవులు ఇచ్చేశారు, ఒక్కొక్కరే సొంత ఊళ్లకు బయలుదేరుతున్నారు. ఇలాంటి సమయంలో ఎవరైనా కనిపించకపోతే “ఊరెళ్లి ఉంటుందిలే” అనుకుంటాం తప్ప ఎవరం వెతకం. మొదటి రాత్రే చనిపోయిన క్లేర్ సంగతి అంతే. తీసుకెళ్లడానికి వచ్చిన తండ్రి చెప్పిన వేళకు చెప్పిన చోట నిలబడి ఎదురుచూస్తాడు గానీ, కూతురు అప్పటికే ఆ ఇంటి అటక మీద, ముఖానికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ఊగుడు కుర్చీలో కూర్చుని ఉంటుంది. మిసెస్ మాక్ కూడా పండగకు అక్కచెల్లెళ్ల ఇంటికి ప్రయాణమైన మనిషే కాబట్టి, పిల్లి అరుపు విని అటక ఎక్కి ఆవిడ తిరిగి రాకపోయినా మిగిలినవారికి అనుమానం రాదు. ఇళ్లు ఖాళీ అయ్యే కాలం కావడం వల్లే హంతకుడు అంత సేపు అంత నిశ్చింతగా ఉండగలిగాడు.

మీరన్న క్యారల్ సన్నివేశం నిజంగానే మనసు కలుక్కుమనిపించేది. కథానాయిక జెస్ తలుపు తీసి, చలిలో ముఖాలెర్రబడ్డ పిల్లల పాట వింటూ నిలబడుతుంది. పైన గదిలో మత్తుగా నిద్రపోతున్న తోటి విద్యార్థిని బార్బ్‌ను హంతకుడు ఆమె దాచుకున్న గాజు బొమ్మతోనే పొడుస్తాడు. పిల్లల గొంతులు అంత తీయగా ఉండబట్టే ఆమె కేక ఎవరికీ వినబడదు. కెమెరా కూడా రక్తాన్ని వెతుక్కుంటూ పోదు. గాజు మీద మెరిసే వెలుగు, పిల్లల ముఖాలు, మళ్లీ గాజు, అంతే చూపిస్తుంది. మీ పాటను ఎగతాళి చేయాలన్న ఉద్దేశం దర్శకుడు బాబ్ క్లార్క్‌కు ఉందని నేననుకోను. ఇదే దర్శకుడు 1983లో ‘ఎ క్రిస్మస్ స్టోరీ’ అనే పసివాడి పండగ ముచ్చట తీశాడు, అమెరికాలో ఎన్నో కుటుంబాలు ప్రతి ఏడాదీ కూర్చుని చూసే సినిమా అది.

ప్రశ్న: విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. మా హాస్టల్‌లో అందరం కలిసి ఈ సినిమా చూశాం. అమ్మాయి తప్పిపోయిందని ఫిర్యాదు వచ్చాక కూడా పోలీసులు ఊళ్లో పార్కంతా వెతుకుతారు గానీ ఆమె ఉండే ఇంటి అటక మాత్రం వెతకరు. మా వార్డెన్‌కు దొంగ పడ్డాడన్న అనుమానం వస్తే నీళ్ల ట్యాంకు మూత కూడా తీసి చూస్తుంది! ఇంత పెద్ద లోపాన్ని విమర్శకులు ఎందుకు పట్టించుకోరు?

జవాబు: మీ వార్డెన్‌కు నా నమస్కారాలు చెప్పండి. మన దగ్గర దర్యాప్తు అటకెక్కిందంటే మూలపడిందని అర్థం. ఆ దర్యాప్తు మాత్రం అటక ఎక్కకపోవడం వల్లే మూలపడింది. ఇది లోపమే, దాన్ని కప్పిపుచ్చాలని నేను చూడను. కొందరు అభిమానులు చెప్పే సమర్థన ఏమిటంటే, ఆడపిల్లల మాటను పోలీసులు లెక్కచేయకపోవడమే కథావస్తువు గనుక వాళ్ల అశ్రద్ధ కూడా అందులో భాగమేనని. సగం వరకు ఒప్పుకుంటాను. ఫిర్యాదు తీసుకునే సార్జెంట్ నాష్, ఆ అమ్మాయి ఎవరో అబ్బాయితో వెళ్లి ఉంటుందని తేలిగ్గా కొట్టిపారేస్తాడు. ఆ మాట మన పోలీస్ స్టేషన్లలో ఎందరు తల్లిదండ్రులు వినలేదు! కానీ లెఫ్టినెంట్ ఫుల్లర్ అలాంటివాడు కాడు. జాన్ సాక్సన్ నటించిన ఆ పాత్రను శ్రద్ధగా, తెలివిగా ఆలోచించే అధికారిగా రాశారు. అంతటివాడు ఆ ఇంటి ఫోనుకు నిఘా పెట్టించి, వాకిట కాపలా పెట్టించి, పై అంతస్తుకు ఒక్క మనిషినైనా పంపకపోవడానికి కథ అవసరం తప్ప వేరే కారణం లేదు.

ఇందులోనే నాకు బాగా నచ్చిన చమత్కారం కూడా ఒకటుంది. జెస్ గర్భవతి, బిడ్డను కనదలచుకోలేదు. ప్రియుడు పీటర్ ఆ ఇంట్లోనే ఆమెతో గొడవపడి, పులిపిరి తీయించుకున్నంత తేలిగ్గా మాట్లాడుతున్నావంటూ నిందిస్తాడు. కాసేపటికి వచ్చిన అజ్ఞాత ఫోనులో అదే పులిపిరి మాట వినిపిస్తుంది. దీనికి రెండు అర్థాలు సాధ్యం: ఫోన్ చేస్తున్నది పీటరే కావచ్చు, లేదా ఆ గొడవ జరిగినప్పుడు ఎవరో ఇంట్లోనే ఉండి విని ఉండవచ్చు. జెస్‌తో పాటు పోలీసులూ, చూస్తున్న మనమూ మొదటి అర్థం దగ్గరే ఆగిపోతాం. హంతకుడు అటక ఎక్కడాన్ని మొదటి సన్నివేశంలోనే చూసిన మనం కూడా ఆగిపోవడం స్క్రీన్‌ప్లే రాసిన రాయ్ మూర్ సాధించిన విజయమని చెప్పాలి.

సంగీతం కూడా మన అనుమానాన్ని అటే తోస్తుంది. కార్ల్ జిట్రర్ పియానో తీగలకు ఫోర్కులు, దువ్వెనలు, కత్తులు కట్టి ఆ వికారమైన మోతను పుట్టించాడు. పీటర్ పియానో విద్యార్థి, పరీక్షలో తడబడి, కోపం పట్టలేక పియానోను ధ్వంసం చేసేవాడు. హంతకుడు తిరిగినప్పుడల్లా నలిగిన పియానో శబ్దం వినిపిస్తుంటే మన చెవులు పీటర్ పేరే చెబుతాయి. అది కావాలని చేశారో, కాకతాళీయంగా కుదిరిందో చెప్పలేను గానీ ఫలితం మాత్రం అమోఘం. ఇంత చక్కగా అల్లిన అనుమానాన్ని చివర్లో మాత్రం అతిగా లాగారు. నేలమాళిగ కిటికీ అద్దం పగలగొట్టుకుని మరీ పీటర్ లోపలికి దిగడం, నిర్దోషి చేయవలసిన పనిలా లేదు.

ప్రశ్న: టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. ఫోన్ ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడానికి ఎక్స్ఛేంజిలో ఒక మనిషి వరసల మధ్య పరుగెత్తడం చూసి మా మనవడు పగలబడి నవ్వాడు. అది నిజమేనని ఎంత చెప్పినా నమ్మడం లేదు. మీరైనా చెప్పండి.

జవాబు: మీ తాతగారు చెప్పింది అక్షరాలా నిజమని మనవడికి నా మాటగా చెప్పండి. మీటలు కదిలి కలిసే యాంత్రిక ఎక్స్ఛేంజిలో ఒక కాల్ ఒక స్విచ్చు నుంచి మరో స్విచ్చుకు అంచెలంచెలుగా వెళ్లేది. అది ఎక్కడ మొదలైందో తెలియాలంటే, కాల్ నడుస్తుండగానే, ఏ స్విచ్చు ఏ స్విచ్చును పట్టుకుని ఉందో చూసుకుంటూ మనిషి వెనక్కి నడవాలి. అవతలివాడు ఫోన్ పెట్టేస్తే స్విచ్చులన్నీ వదిలేసుకుంటాయి, ఆధారం మాయమైపోతుంది.

ఈ సాంకేతిక వాస్తవమే చిత్రంలోని ఉత్కంఠకు ఇంధనం. ఎంతసేపు అతనితో మాట్లాడిస్తే అంతగా దొరుకుతాడు కాబట్టి, జెస్ ఆ బూతులనూ ఏడుపులనూ పసిపిల్లల గొంతు అనుకరణలనూ చెవి దగ్గర పెట్టుకుని వినక తప్పదు. ఇవతల ఆమె ముఖం, అవతల ఖణేల్మంటూ కదిలే ఇనుప వరసల మధ్య పరుగెత్తే మనిషి, ఈ రెంటినీ కలిపిన కూర్పు నేటికీ పాతబడలేదు. చివరకు తేలేదేమంటే, ఫోన్ అదే ఇంట్లోని మిసెస్ మాక్ గది లైను నుంచి వస్తోంది. ఇంట్లో రెండో లైను ఉందన్న సంగతి దర్యాప్తు చేసేవారు ముందే ఎందుకు అడగలేదని మీలాంటి అనుభవజ్ఞులు నిలదీస్తే నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్న తెలుగువాణ్ని. 2006లో వచ్చిన రీమేక్‌లో హంతకుడి బాల్యం, తల్లి క్రూరత్వం అన్నీ వివరంగా చూపించారు. పాతదానిలో అతనెవరో, ఎందుకు చంపుతున్నాడో చెప్పనే చెప్పరు. అది అసంపూర్ణంగా లేదూ?

జవాబు: అసంపూర్ణంగానే ఉంది, అదే దాని అదృష్టం. పాత చిత్రంలో మనకు దక్కేది ఫోనులో దొర్లే బిల్లీ, ఆగ్నెస్ అనే రెండు పేర్లు, ఒకే నోట్లోంచి వచ్చే పలు గొంతులు, తలుపు సందులోంచి జెస్‌ను చూసే ఒకే ఒక్క కన్ను. ఆ కన్ను కనిపించేది క్షణకాలమే అయినా, చూసినవారు రాత్రి తలుపు వేసుకునేటప్పుడు ఆ సందు వైపు ఒకసారి చూస్తారు. నేను ఇప్పటికీ చూస్తాను. ఆ మనిషి మొత్తం రూపం తెర మీదికి రాకపోవడానికి ఛాయాగ్రహణ విభాగంలోని బర్ట్ డంక్ పనితనం తోడ్పడింది. కెమెరాను భుజానికి బిగించుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, గోడ పక్కనున్న చట్రం పట్టుకుని స్వయంగా పైకెక్కాడు. చేతులు మన చేతుల్లా, ఊపిరి మన ఊపిరిలా అనిపించడం దాని ఫలితం.

రీమేక్ చేసిన పొరపాటు జబ్బుకు చీటీ రాసినట్లు భయానికి కారణం రాయడం. పచ్చకామెర్ల పిల్లవాడు, పాపిష్ఠి తల్లి అని తెలిసిపోయాక అతని మీద జాలి కలుగుతుంది, లేకపోతే రోత పుడుతుంది. భయం మాత్రం పోతుంది. 2019లో మరో రీమేక్ వచ్చింది. అది ఎత్తుకున్న స్త్రీల సమస్య గట్టిదే గానీ, పాత్రలు మాట్లాడుకోవడం మాని ఉపన్యాసాలు చెప్పుకుంటున్నట్లు నాకు అనిపించింది. ఆ సమస్యనే 1974 చిత్రం ఉపన్యాసం లేకుండా చెప్పిందన్నది గమనించదగ్గ విషయం. తరువాతి స్లాషర్లలో బుద్ధిమంతురాలైన పిల్ల ఒక్కతే బతికి బయటపడటం ఒక ఆనవాయితీ అయింది. ఆ పాత్రకు ‘ఫైనల్ గర్ల్’ అని కరోల్ క్లోవర్ అనే పరిశోధకురాలు 1987లో పేరు కూడా పెట్టింది. ఇక్కడ అందరికన్నా నెమ్మదైన క్లేర్ మొదట చనిపోతుంది. పెళ్లీ వద్దు, బిడ్డా వద్దు, నా చదువు నాకుందని నెమ్మదిగా చెప్పే జెస్ చివరి వరకు నిలుస్తుంది. ఆ నిర్ణయానికి కథ ఆమెను శిక్షించదు.

ప్రశ్న: హైదరాబాదు నుంచి రాస్తున్నాను. ‘హాలోవీన్’ దీనికి నకలు అంటారు, నిజమేనా?

జవాబు: నకలు కాదు. ‘హాలోవీన్’ దర్శకుడు జాన్ కార్పెంటర్ తనను దీనికి కొనసాగింపు తీస్తారా అని అడిగాడనీ, తీస్తే హంతకుడు తప్పించుకున్న మరుసటి హాలోవీన్ పండగకు జరిగే కథగా తీస్తానని తాను చెప్పాననీ క్లార్క్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. అయినా 1978 నాటి ఆ సినిమా కార్పెంటర్ సొంతమేనని కూడా ఆయనే అన్నాడు. నేను మొదట చెప్పిన పరీక్షలో ఆ చిత్రమూ నెగ్గుతుంది: ముసుగు వేసుకున్న మనిషి వీధిలో తిరిగినా ఎవరూ వింతగా చూడని రాత్రి ఏడాదికి అదొక్కటే.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి ఒక తల్లి. రక్తపాతం తక్కువని విన్నాను, పదో తరగతి చదివే మా అబ్బాయికి చూపించవచ్చా?

జవాబు: రక్తం తక్కువే, బూతు ఎక్కువ. ఆ ఫోన్ సంభాషణలు అనువాదం లేకపోయినా అర్థమయ్యేంత జుగుప్సగా ఉంటాయి. రెండు మూడేళ్లు ఆగండి. మిసెస్ మాక్ ఇంటి నిండా సారా సీసాలు దాచుకునే హాస్యం కూడా పెద్దలకే. ఆ హాస్యం అవసరానికి మించి సాగిందని, సగంలో కథ కాస్త చతికిలబడిందని నా అభిప్రాయం.

ప్రశ్న: కర్నూలు నుంచి. ఆఖరున ఫోన్ మోగుతుంది కదా, ఎవరు చేశారు?

జవాబు: ముందు అక్కడి పరిస్థితి గుర్తుచేసుకుందాం. నేలమాళిగలో జెస్ పీటర్‌ను చంపింది కాబట్టి హంతకుడు పోయాడని అందరూ నిర్ధారించుకున్నారు. ఆమెకు మత్తు ఇచ్చి మంచం మీద పడుకోబెట్టారు. క్లేర్ తండ్రి స్పృహ తప్పి పడిపోతే ఆయన్ని ఆసుపత్రికి తరలించే హడావుడిలో ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాకిట్లో ఒక పోలీసు మాత్రం మిగిలాడు. అప్పుడు కెమెరా ఎవరి వెంటా వెళ్లకుండా, తానొక్కతే ఖాళీ గదులు దాటుకుంటూ, ఇంతవరకు పోలీసులెవరూ ఎక్కని ఆ నిచ్చెన ఎక్కి అటక మీదికి చేరుతుంది. క్లేర్ ఇంకా కిటికీ పక్కన కుర్చీలోనే ఉంది. అంతవరకు ఫోన్ మోగిందంటే దాని ముందో వెనకో ఒక హత్య జరిగింది. కనుక ఫోన్ చేసింది ఎవరన్నదాని కన్నా, జెస్ లేస్తుందా అన్నదే ప్రశ్న. పేర్లు పడుతున్నంతసేపూ అది మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు.