ఆ ఒక్క థాలర్‌ని ఎందుకు వదిలేశావు?

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను.

మంత్రగాడని పట్టుకున్న యోహానెస్ యూనియుస్ చెరసాల నుంచి కూతురు వెరోనికాకు రాసిన ఉత్తరమే నీ కథకు గుండెకాయ. 1628 జులై 24. జర్మనీలోని బాంబర్గ్ పట్టణానికి మేయరుగా చేసిన మనిషి. భార్యను అంతకుముందే మంత్రగత్తె అని చంపేశారు. బొటనవేళ్ళను మరలో పెట్టి బిగిస్తే గోళ్ళలోంచి రక్తం కారింది. నిజం కాకపోయినా ఏదో ఒకటి కల్పించి చెప్పండి, ఈ బాధ మీరు తట్టుకోలేరు అని తలారే బతిమాలాడు. అక్కడి వరకూ బాగా రాశావు, నా గొంతు పట్టేసింది. కానీ అదే ఉత్తరంలో ఇంకో మాట ఉంది కదమ్మా: ఉత్తరం తెచ్చిన ఈ మనిషికి ఒక థాలర్, అంటే ఆనాటి వెండి నాణెం, ఇవ్వు అని. దాన్ని తీసేశావు.

ఎందుకు? కన్నీళ్ళ మధ్య డబ్బు మాట బాగోదనా? ఉత్తరం బయటపడితే కాపలావాళ్ళ తలలు ఎగిరిపోతాయని ఆయనే రాశాడు. చేతులు పడిపోయి, ఆ నాలుగు ముక్కలు రాయడానికి రోజులు పట్టిన మనిషి, ఇంకొకరికి ఇవ్వాల్సిన వెండి నాణెం మర్చిపోలేదు. ఆ ఉత్తరం మొత్తంలో నాకు ఆ తండ్రి కళ్ళకు కట్టేది అక్కడే. అది లేకపోతే ఆయన ఉత్త బాధితుడు.

ఈ తప్పే కథంతా పాకింది. జర్మన్ నేల మీద నడిచిన ముప్పై ఏళ్ళ యుద్ధం నీ కథలో దూరంగా వినిపించే డప్పుల మోత. జనానికి మూఢనమ్మకంతో పిచ్చెక్కింది, చితులు లేచాయి. మధ్యలో పున్నమి వెన్నెల. మంత్రగత్తెలు వడగళ్ళు కురిపిస్తారన్న నమ్మకం ఆ నేల మీద అంతకుముందు నుంచీ ఉంది. మరి ఆ ఏళ్ళలోనే ఎందుకు అంత మందిని కాల్చారు? ఆ ప్రశ్న నీ కథ అడగనే లేదు.

లెక్క చూడు. 1618లో యుద్ధం మొదలైంది. సైనికులకు జీతాలు కావాలి. సంస్థానాల పాలకులు మంచి వెండి నాణేలు కరిగించి, రాగి కలిపి మళ్ళీ కొట్టించారు. 1622 నాటికి ఆ డబ్బుకు విలువ లేదు. కూతురి పెళ్ళికని దాచుకున్న ఇంట్లో మూట విప్పితే రాగి. తర్వాత 1626 మే నెలాఖరున ఒక రాత్రి గడ్డకట్టే చలి. బాంబర్గ్ ఉన్న ఫ్రాంకోనియా ప్రాంతంలో ద్రాక్షతోటలు మాడిపోయాయి, రొట్టెకు వాడే రై ధాన్యం పంట పోయింది. ఆ ప్రాంతానికి చేతిలో డబ్బు ఆడేది ద్రాక్షసారాతోనే. పంటలు పాడుచేసేవాళ్ళను ఇంకెంతకాలం చూస్తూ ఊరుకుంటారని మామూలు జనమే పైవాళ్ళకు మొరపెట్టుకున్నారు. మరుసటి ఏడాది బాంబర్గ్‌లో బిషప్ ప్రభుత్వం అనుమానితుల కోసమే ప్రత్యేకంగా ఒక చెరసాల కట్టించింది. అక్కడ బిషప్పే పాలకుడు. దోషి అని తేలితే ఆస్తి జప్తు.

ఇంకో సంగతి. సైన్యం నిజంగా వచ్చి మీదపడినచోట ఈ వేట చాలాసార్లు ఆగిపోయింది. విచారణ జరగాలంటే కోర్టు, గుమాస్తా, కాగితం ఉండాలి కదా. 1631లో ఒకవైపు చక్రవర్తి నుంచి ఒత్తిడి, ఇంకోవైపు స్వీడన్ సేన దగ్గరపడటం, బాంబర్గ్ మంటలు ఆరిపోయాయి. అందుకే యుద్ధాన్ని డప్పుగా రాయొద్దంటున్నాను. పన్నుగా రాయి. రొట్టె ధరగా రాయి.

అన్నట్టు, ఇంగ్లండులో మంత్రగత్తెలను ఉరి తీసేవారు, కాల్చేవారు కాదు. నీ ఏడో పేజీ దిద్దుకో. అక్కడా అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో మాథ్యూ హాప్కిన్స్ ఊరూరా తిరిగి మంత్రగత్తెలను పట్టిచ్చేవాడు. స్టోమార్కెట్ అనే ఒక్క ఊరు హాప్కిన్స్‌కీ అతని మనుషులకూ 23 పౌండ్లు కట్టింది.

నాకెందుకింత పట్టుదలో చెప్తాను. ముప్పై ఏళ్ళ కింద మా పక్క ఊళ్ళో చేతబడి చేసిందని ఒక ముసలామెను చెట్టుకు కట్టి కొట్టారు. వరసగా రెండేళ్ళు కరువు, బోర్లన్నీ ఎండిపోయాయి. ఆమె మీద మొదట నింద వేసినవాడు ఆమెకే నాలుగు బస్తాల వడ్లు బాకీ. అదే నా కథ. ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు బస్తాలు, బోర్లు, వడ్డీ అన్నీ కొట్టేసి "ఇది కథా, పద్దు పుస్తకమా?" అని మార్జిన్‌లో రాశాడు. నిమ్మకాయలు, పసుపు కుంకుమల బొమ్మ వేయించి అచ్చు వేశాడు. నేను ఒప్పుకున్నాను. మొదటి కథ, పేరు చూసుకోవాలన్న ఆశ. ఆ ముసలామె కొడుకు పత్రిక పట్టుకుని మా ఇంటికొచ్చాడు. గడపలోనే నిలబడి, "అన్నా, గా వడ్ల ముచ్చట రాయలేదేంది?" అన్నాడు. ఇప్పటికీ ఆ అబ్బాయి ఎదురైతే నా కళ్ళు కిందికే పోతాయి.

ఆ సంపాదకుడి వంటివాళ్ళు ఈరోజూ ఉన్నారు. వాతావరణం కావాలంటారు, పొగమంచు కావాలంటారు. ఇవ్వకు.

ఏ పత్రికకు పంపాలి, నవలగా పెంచవచ్చా అని అడిగావు. అవన్నీ తర్వాత. ముందు ఉత్తరం ఘట్టం తిరగరాయి. వెరోనికా ఇంటి తలుపు దగ్గర మొదలుపెట్టు. ఉత్తరం ఆమె చేతికి అందిందో లేదో మనకెందుకు, కథలో అందనీ. తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. అందులో వెండి ఎంత మిగిలింది, రాగి ఎంత? అక్కడి నుంచి రాసి పంపు.

ఉంటాను.